పదిహేడో నంబరు బోటు – తొమ్మిదో భాగం: టేపు చివర మడత

పోయిన వారం రేడియో మేస్త్రిని నిచ్చెన మూడో మెట్టు మీద నిలబెట్టి వచ్చేశాం. పైన బోటు, కింద జనం, చేతిలో మీటర్ల పెట్టె. ఎక్కితే ఏం బయటపడుతుందో, ఎక్కకపోతే ఏమంటారో తెలియక ఆయన అక్కడే ఆగిపోయాడు.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి నాలుగు ముక్కలు. పదకొండు రోజుల కిందట పదిహేడో నంబరు బోటు అడుగున నీళ్ళలో తిరిగే ఫ్యానుకి తాడు చుట్టుకుంది. ఇంజిను ఆగింది. గాలి బోటుని రాళ్ళ వైపు తోసింది. బోటు నడిపే మేస్త్రి అల్లుడు రేడియోలో నలభై నిమిషాలు ఒడ్డుని పిలిచాడు. ఒడ్డు పలకలేదు. చివరికి నడుముకి తాడు కట్టుకుని, కత్తి పట్టుకుని ఫ్యాను కిందికి మునిగాడు. తాడు పైకి వచ్చింది, మనిషి రాలేదు. బోటు రాళ్ళు తప్పించుకుని ఇసుక దిబ్బ మీద పడింది. అందులో ఉన్న ఇంజిను డ్రైవరు బతికాడు. రెండు రోజుల తర్వాత బోటుని యార్డుకి లాక్కొచ్చి దిమ్మల మీద నిలబెట్టారు.

ఆ రేడియో బిగించింది మామగారు, మన మేస్త్రి. ఆ తీరం మొత్తానికి బోట్ల పిలుపు వినే సెట్టు ఒక్కటే, సంఘం గదిలో ఉంటుంది. దాని ముందు కూర్చునేది ఆయన కూతురు, అంటే పోయినవాడి భార్య. ఆ నలభై నిమిషాలూ తన సెట్టు మోగుతూనే ఉందనీ, పదిహేడు నుంచి ఒక్క ముక్క వినపడలేదనీ ఆమె చెప్పింది. ఆమెకి వినపడలేదంటే బోటు సెట్టు పంపలేదు. బోటు సెట్టు పంపలేదంటే మేస్త్రి పని చెడ్డది. ఊరంతా అక్కడికి వచ్చి ఆగింది.

“ఏం అన్నయ్యగారూ, నిచ్చెన కూడా మీరే బిగించారా? ఎక్కడానికి అంత భయపడుతున్నారు?” అంది వియ్యపురాలు కింది నుంచి.

ఎవరో నవ్వారు. వెంటనే దగ్గు కింద మార్చుకున్నారు.

ఆమె చేపల పెట్టె బోర్లించుకుని దాని మీద కూర్చుంది. కొడుకు పోయిన నాటి నుంచి ఆమె కంట నీటిచుక్క చూసినవాళ్ళు లేరు. ఏడుపు రావలసిన చోట మాటలు వస్తున్నాయి. పక్కన కోడలు గొడుగు పట్టుకుని నిలబడింది. గొడుగు నీడంతా అత్త మీదే ఉంది. మేస్త్రి కూతురి మొహం వైపు చూశాడు. ఆమె బోటు నంబరు వైపు చూస్తోంది. ఆమె తండ్రితో మాట్లాడి పదకొండు రోజులైంది.

మేస్త్రి ఎక్కాడు.

క్యాబిన్‌లో ముగ్గురు పడతారు. ఆ పూట అయిదుగురు దూరారు. మేస్త్రి, విచారణకి వచ్చిన ఇన్‌స్పెక్టరు, ఇంజిను డ్రైవరు. “నా కొడుకుని మింగినదాన్ని నా కళ్ళతో చూడాలి” అని వియ్యపురాలు ఎక్కింది. ఆమె చెయ్యి పట్టుకుని కూతురు ఎక్కి, గుమ్మంలో నిలబడింది. బోటు ఇసుక దిబ్బ మీద రెండు రోజులు ఒరిగి ఉన్నప్పుడు క్యాబిన్‌లోకి సముద్రం వచ్చింది. ఎంత వరకు వచ్చిందో గోడ మీద ఉప్పు గీత చెబుతోంది. మేస్త్రికి నడుము ఎత్తున ఉంది. సెట్టు కప్పుకి వేలాడుతోంది కాబట్టి దానికి నీళ్ళు తగల్లేదు.

ఇన్‌స్పెక్టరు నోటుబుక్కు తెరిచాడు. “ముందే చెప్పేస్తున్నాను, మేస్త్రిగారూ. తప్పు మీ పనిలో ఉంటే మీ లైసెన్సు ఇప్పుడే, ఇక్కడే తీసుకుంటాను. కేసు సంగతి పైవాళ్ళు చూసుకుంటారు. మీ పనిలో లేకపోతే, ఒడ్డు సెట్టు దగ్గర ఆ పూట ఎవరు కూర్చున్నారో వాళ్ళని పిలవాల్సి ఉంటుంది. మధ్యే మార్గం లేదు.”

“ఉండకూడదు కూడా” అంది వియ్యపురాలు. “ఎవరి తప్పయితే వాళ్ళు నా మనవరాలి మొహం ఈ జన్మలో చూడరు. ఇంటి ముందు నిలబడి అందరి ముందూ చెప్పాను, మళ్ళీ చెబుతున్నాను.”

మనవరాలికి నాలుగేళ్ళు. గుమ్మంలో నిలబడిన తల్లి కదల్లేదు.

మేస్త్రి పని మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళుగా ఆయన మొదలుపెట్టే చోటే మొదలుపెట్టాడు. కొత్త బ్యాటరీ తెప్పించి తీగలకి తగిలించాడు. సెట్టు వెనక మీటరు పెట్టి డ్రైవరుని బటన్ నొక్కమన్నాడు. మీటరు పన్నెండున్నర వోల్టుల నుంచి పన్నెండుకి దిగి ఆగింది.

“ఫ్యూజు బాగుంది, తీగలు బాగున్నాయి. పదికి దిగి ఉంటే సెట్టు వింటుంది కానీ మాట్లాడలేదు.”

“మా ఇంట్లో నేనూ అంతే” అన్నాడు ఇన్‌స్పెక్టరు రాసుకుంటూ. ఎవరూ నవ్వకపోవడంతో పెన్ను విదిలించి మళ్ళీ రాశాడు.

“ఆ రోజు నొక్కినప్పుడు తెర మసకబారిందా?” అని మేస్త్రి డ్రైవరుని అడిగాడు.

“లేదు బాబాయ్. ఇప్పుడెలా ఉందో అలానే ఉంది. నొక్కగానే మూల ఎర్ర అక్షరాలు వచ్చేవి. వదలగానే పోయేవి. అన్న పిలిచి, వదిలి, చెవి పెట్టి వినేవాడు. అందులో గాలి చప్పుడు తప్ప ఏం లేదు. మధ్యలో బూతులు తిట్టాడు. దానికీ బదులు రాలేదు. ఆ తర్వాత నేను ఇంజిను దగ్గరికి దిగాను.”

“నా కొడుకు బూతులు తిట్టడు” అంది వియ్యపురాలు.

“తిట్టలేదులే అమ్మా” అన్నాడు డ్రైవరు.

ఎర్ర అక్షరాలు వచ్చాయంటే మైకు, బటన్ బాగున్నాయి. జోరు ఇరవై అయిదు వాట్ల మీదే ఉంది, ఒకటి మీద లేదు. మేస్త్రి సెట్టు వెనక నుంచి యాంటెన్నా కేబుల్ ఊడదీసి, ఆ చోట అరచేతిలో పట్టే ఇనప డబ్బా తగిలించాడు. సెట్టు పంపినదాన్నంతా ఆ డబ్బా వేడి కింద మార్చి మింగేస్తుంది. బయటికి ఏదీ పోదు. సెట్టు మంచిదో కాదో తేల్చడానికి అంతకన్నా నమ్మకమైన సాక్షి లేదు. బటన్ నొక్కారు. ఇరవై నాలుగు వాట్లు.

“సెట్టులో తప్పు లేదు” అన్నాడు మేస్త్రి.

“అల్లుడికి గడియారం పెట్టేవాళ్ళని చూశాను, బండి పెట్టేవాళ్ళని చూశాను” అంది వియ్యపురాలు. “ఇంటికి యముణ్ణి తెచ్చి, నాలుగు స్క్రూలు వేసి, వీడిలో తప్పు లేదు అని చెప్పేవాణ్ణి మిమ్మల్నే చూశాను.”

మేస్త్రి డబ్బా తీసేసి, కేబుల్ మళ్ళీ తగిలించాడు. ఈసారి మధ్యలో ఇంకో మీటరు పెట్టాడు. ఎంత పైకి పోతోందో, ఎంత వెనక్కి తిరిగొస్తోందో అది చెబుతుంది. డ్రైవరు నొక్కాడు. రెండు ముళ్ళూ పక్కపక్కన లేచాయి.

“ఏంటి దానర్థం?” అని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

“పంపింది పంపినట్టే వెనక్కి వస్తోంది. యాంటెన్నా దాకా పోవడం లేదు.”

“అంటే నా కొడుకు అరిచిన అరుపు వాడి మొహానికే కొట్టుకుంది” అంది వియ్యపురాలు. ఆ మాట మెల్లిగా అంది. అనగానే గుమ్మంలో కోడలు గొడుగు మడవడం మొదలుపెట్టింది. అది మడతపడటానికి చాలాసేపు పట్టింది.

ఇక మిగిలింది కేబుల్, యాంటెన్నా. మేస్త్రి డ్రైవరుని యాంటెన్నా కట్టిన నిలువు కొయ్య ఎక్కించాడు. పైన కేబుల్ ఊడదీసి, లోపలి తీగకీ పైన అల్లికకీ పట్టకారు ఆనించి పట్టుకోమన్నాడు. కింద మీటరు పెట్టాడు. కేబుల్ బాగుంటే మీటరు కూయాలి. కూయలేదు. “గట్టిగా నొక్కు” అని అరిచాడు. “ఇంకా నొక్కితే పట్టకారు విరుగుద్ది బాబాయ్” అని పైనుంచి కేక వచ్చింది.

కేబుల్ ఎక్కడో తెగింది.

ఆయన దాన్ని చేత్తో తడుముకుంటూ వెళ్ళాడు. కప్పుకి కన్నం వేస్తే వాన కారుతుందని అప్పట్లో అల్లుడు ఒప్పుకోలేదు. అందుకని కేబుల్ గోడ వెంట కిందికి దిగి, పడుకునే చెక్క కింద నుంచి వెనక్కి పోయి, కొయ్య మొదట్లో బయటికి వస్తుంది. పదకొండు మీటర్లు, ఒకే ముక్క. మధ్యలో అతుకు వెయ్యడం ఆయన చెయ్యడు. ఎవరైనా వెయ్యమంటే ఆ పని వదులుకుని వచ్చేస్తాడు. అందుకే చెక్క ఎత్తి చెయ్యి లోపలికి పెట్టినప్పుడు, వేళ్ళకి టేపు తగలగానే, ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఏమైంది?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“అతుకు ఉంది.”

కొయ్య దిగివచ్చిన డ్రైవరు మోకాళ్ళ మీద కూర్చుని లైటు వేశాడు. “ఇదిగో, చెవి. బాబాయ్ చెవే.”

రేవులో అందరికీ తెలిసిన సంగతి అది. మేస్త్రి టేపు చుడితే చివర గోరంత మడత పెడతాడు. తర్వాత విప్పేవాడు గోళ్ళతో గీరుకోకుండా, ఆ మడత పట్టుకుని లాగితే ఊడి వస్తుంది. దానికి కుర్రకారు మేస్త్రి చెవి అని పేరు పెట్టారు. ఇన్‌స్పెక్టరు ఒంగి చూసి, “మీదేనా?” అని అడిగాడు.

మేస్త్రి మడత పట్టుకుని లాగాడు. టేపు ఊడి వచ్చింది.

కేబుల్‌ని ఎవరో ముందే కత్తితో అడ్డంగా కోశారు. లోపలి తీగ రెండు కొసలూ వెనక్కి వంచి ఉన్నాయి. వాటి మధ్య వేలెడు సందు. ఆ సందులో ఇంకో టేపు ముక్క. తెలియనివాడు చూస్తే ఊడిపోయిన అతుకు. తెలిసినవాడు చూస్తే, కలవకూడదని చేసిన పని. ఇంకా ఒకటుంది. రాగి మెరుస్తోంది. గోడ మీద ఉప్పు గీత ఈ చోటికి మూరెడు పైన ఉంది. రెండు రోజులు ఇక్కడ సముద్రం నిలిచింది. ఈ కోత అప్పటికే ఉండి ఉంటే రాగి పచ్చబడి చేతికి పొడి రాలాలి. మెరుస్తోందంటే, నీళ్ళు పోయాక, బోటు యార్డుకి చేరాక కోశారు. అంటే ఆ రోజు కేబుల్ నిక్షేపంగా ఉంది. అల్లుడి గొంతు కొయ్య చివరి దాకా వెళ్ళింది, అక్కడి నుంచి ఒడ్డుకీ వెళ్ళింది.

ఇంత మాట చెప్పడానికి ఆయనకి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడు చేతిలో ఉన్న టేపు మడత చూశాడు.

ఈ రేవులో మడత పెట్టేవాళ్ళు ఇద్దరే. ఒకడు తను. రెండోది, తొమ్మిదేళ్ళప్పుడు ఆయన బల్ల మీద కూర్చుని, కాళ్ళు ఊపుతూ, తీగలకి టేపు చుట్టి ఇచ్చిన మనిషి. “మడత ఎందుకు నాన్నా?” అని అడిగితే, “తర్వాత విప్పేవాడి గోరు అరగకూడదు తల్లీ” అని చెప్పాడు. తర్వాత విప్పేవాడు తనే అవుతాడని ఆనాడు అనుకోలేదు.

“బోటు యార్డుకి వచ్చాక క్యాబిన్‌లోకి ఎవరైనా వచ్చారా?” అని డ్రైవరుని అడిగాడు. తల ఎత్తకుండా అడిగాడు.

“ఎవరొస్తారు బాబాయ్? తాళం నా దగ్గరే ఉంది. వదిన వచ్చింది, అయిదో రోజున. అన్న చొక్కా కావాలంది. ఒక్కదాన్నే కాసేపు కూర్చుంటానంటే నేను కిందికి దిగిపోయాను.”

“ఏడవడానికి కూడా ఎవరి సంతకమైనా కావాలా?” అంది గుమ్మంలోంచి కూతురు. పదకొండు రోజుల తర్వాత ఆయన విన్న మొదటి మాట అది. ఆయనతో అన్న మాట కాదు.

“సంతకం అక్కర్లేదులెండి” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “మేస్త్రిగారూ, నేను రాసుకోవాలి. ఈ అతుకు మీదేనా, కాదా?”

మేస్త్రి చెక్క కింద చూశాడు. బోటు అడుగున ఒక మూల బెత్తెడు నీళ్ళు నిలిచి ఉన్నాయి. సముద్రం నీళ్ళే. ఆయన కేబుల్ రెండు కొసలూ అందులోకి జారవిడిచాడు. చెయ్యి తుడుచుకున్నాడు. రేపు ఈ వేళకి రాగికి మెరుపు ఉండదు.

“నాదే” అన్నాడు.

డ్రైవరు నోరు తెరిచాడు. “నువ్వు అతుకు వెయ్యవు కదా బాబాయ్...”

“వేశాను. కేబుల్ చాలలేదు. ఊడి వచ్చింది. నాదే తప్పు.”

వియ్యపురాలు ఆయన్ని కొడుతుందని ఇన్‌స్పెక్టరు అనుకున్నట్టున్నాడు, కాస్త అడ్డం వచ్చాడు. ఆమె చెయ్యి కూడా ఎత్తలేదు.

“గట్టిగా చెప్పండి అన్నయ్యగారూ. కింద వాళ్ళకి వినపడలేదు.”

మేస్త్రి ఆమె వైపు చూశాడు.

“గుమ్మంలోకి వెళ్ళి చెప్పండి. రేడియోలో ఆపద అని మూడుసార్లు పిలుస్తారట కదా? నా కొడుకు నాకు చెప్పాడు. మూడుసార్లు పిలిస్తే ఎవరో ఒకరు పలుకుతారమ్మా అన్నాడు. మీరూ మూడుసార్లు చెప్పండి.”

“అమ్మా, నేను రాసుకున్నాను, చాలు” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“మీకు చాలు. నాకు చాలదు.”

కూతురు గుమ్మం వదిలి పక్కకి జరిగింది, తండ్రికి దారి ఇవ్వడానికి. మేస్త్రి బయటికి వచ్చి కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కింద ముప్పై మంది దాకా ఉన్నారు. అందులో సగం మంది బోట్లకి ఆయనే సెట్లు బిగించాడు. “తప్పు నాది” అన్నాడు. “ఇంకా గట్టిగా” అంది వెనక నుంచి వియ్యపురాలు. “తప్పు నాది.” “ఇంకొక్కటి.” “తప్పు నాది.”

జనంలో ఒకాయన తల తిప్పి, దూరంగా కట్టి ఉన్న తన బోటు కొయ్య మీది యాంటెన్నా వైపు చూసుకున్నాడు. ఆయన్ని చూసి ఇంకొకాయన చూశాడు. అలా ఒక్కొక్కరే చూసుకున్నారు.

ఇన్‌స్పెక్టరు చెయ్యి చాచాడు. మేస్త్రి జేబులోంచి లైసెన్సు తీసి అందులో పెట్టాడు. ప్లాస్టిక్ కవర్లో ఉన్న కార్డు, ముప్పై ఏళ్ళ కిందటి ఫొటో. ఇన్‌స్పెక్టరు ఫొటో చూసి, మనిషిని చూసి, నోటుబుక్కులో పెట్టుకున్నాడు.

“ఒక పని మిగిలింది. మంచి కేబుల్ తగిలిస్తే సెట్టు పనిచేసిందని కూడా నా రిపోర్టులో ఉండాలి. లేకపోతే పైన ఒప్పుకోరు. కేబుల్ ఉందా?”

“షెడ్డులో ఉంది. తెస్తాను.”

యార్డు షెడ్డులో గోడకి కేబుల్ చుట్టలు వేలాడుతున్నాయి. మేస్త్రి ఒకటి దించి కొలుస్తుండగా వెనక చెప్పుల చప్పుడైంది. తిరగకుండానే ఎవరో తెలిసింది.

“నాన్నా” అంది కూతురు. “పదకొండు మీటర్లు కొలవకు. పన్నెండు తీసుకో. చాలలేదని చెప్పావుగా.”

మేస్త్రి కొలవడం ఆపలేదు. “రాగి మెరుస్తోందమ్మా.”

“చూశాను. నువ్వు చూడ్డం కూడా చూశాను.”

“ఒడ్డు సెట్టు ఏం చేశావు?”

ఆమె తలుపు వైపు ఒకసారి చూసి, చెప్పింది. గుక్క తిప్పుకోకుండా చెప్పింది, ఎన్నిసార్లో లోపల చెప్పుకున్నట్టు. “పొద్దున మా అత్తకీ నాకూ గొడవైంది. మధ్యాహ్నం ఆయన సెట్టులోకి వచ్చి, అందరూ వినే ఛానెల్లో, ‘మా అమ్మ కాళ్ళు పట్టుకున్నావా లేదా’ అని అడిగాడు. రేవులోకి వచ్చేస్తున్న ఆరు బోట్ల వాళ్ళు విన్నారు. ఒకడు ఈల వేశాడు. ఇంకొకడు ‘మా ఆవిడకీ చెప్పు అన్నా’ అన్నాడు. ఆయన నవ్వాడు. నేను చప్పుడు తగ్గించేసే బిళ్ళ చివరి దాకా తిప్పేశాను. ఒక్క గంట వాగుకోనీ అనుకున్నాను.”

“అప్పుడు పిలిచాడా?”

“ఎప్పుడు పిలిచాడో నాకెలా తెలుస్తుంది? వింటే కదా.” ఆమె గొంతు మారలేదు. “మళ్ళీ పెంచినప్పుడు గాలి చప్పుడే ఉంది. చలి పెడుతోందని కిటికీ వేసుకున్నాను. అది నాకు గుర్తుంది.”

మేస్త్రి కేబుల్ కోశాడు. చివర చెక్కడం మొదలుపెట్టాడు.

“నాకు చెప్పి ఉంటే...”

“చెబితే ఏం చేసేవాడివి? ఇప్పుడు చేసిందే చేసేవాడివి. అడిగి చేయించుకుంటే నువ్వు త్యాగం చేశావని నేను జీవితాంతం మొయ్యాలి. అడక్కుండా చేయించుకుంటే ఆ బరువు ఉండదు.” ఆమె చుట్ట కొస పట్టుకుంది, చిన్నప్పుడు పట్టుకున్నట్టే, ఆయన చెక్కడానికి వీలుగా. “నీ తప్పయితే ఆరు నెలలు తిట్టి మర్చిపోతారు. నువ్వు పోయాక అదీ ఉండదు. నా తప్పయితే పాపని నా ఒళ్ళోంచి లాక్కుంటారు. అది పెరిగి పెద్దదై, వాళ్ళ నాన్నని చంపింది నేనని ఆ ఇంట్లోనే నేర్చుకుంటుంది. నీకు పోయేదేముంది నాన్నా? ఒక కార్డు.”

ఆయన కత్తి జేబులో పెట్టుకున్నాడు. “ఒక్కటి చెప్పు. టేపు చివర మడత... అలవాటు కొద్దీ పెట్టావా?”

అలవాటే అని చెబుతుందని ఆయన ఎదురుచూశాడు. అలవాటయితే చాలు, మిగిలినదంతా దిగమింగుకోగలడు.

“కాదు” అంది ఆమె. “చూసినవాళ్ళకి నువ్వే అని తెలియాలి కదా.”

కేబుల్ కొస ఆయన చేతిలో పెట్టి, ఆమె ముందు నడిచింది.

కొత్త కేబుల్ గోడ వెంట లాగలేదు. కిటికీలోంచి బయటికి తీసి, డ్రైవరు చేత కొయ్య చివర తగిలించారు. మధ్యలో మీటరు పెట్టి నొక్కితే ఒక ముల్లు లేచింది, రెండోది పడుకునే ఉంది.

“పోతోంది” అన్నాడు మేస్త్రి.

“అయితే పిలవండి” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ఒడ్డు సెట్టు దగ్గర సంఘం గుమాస్తాని కూర్చోబెట్టాను. ఈ బోటు పేరుతోనే పిలవండి. రిపోర్టులో అలాగే రాయాలి.”

వియ్యపురాలు చెక్క మీద కూర్చుంది. కోడలు ఆమె పక్కనే కూర్చుని, భుజం మీద చెయ్యి వేసింది. అత్త ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. ఆమె ఆ ఇంటికి కోడలుగా వచ్చిన ఆరేళ్ళలో మొదటిసారి.

మేస్త్రి మైకు తీసుకున్నాడు. పిలుపుల ఛానెల్ పెట్టి నొక్కాడు. “ఒడ్డు, ఒడ్డు, ఒడ్డు. పదిహేడు పిలుస్తోంది. వినపడుతోందా?” వదిలాడు.

సెట్టులో గరగర. గుమాస్తా గొంతు కోసం అందరూ ఆగారు. వచ్చింది గుమాస్తా గొంతు కాదు. దూరం నుంచి, ఇంజిను చప్పుడు మధ్య నుంచి ఎవరో అరుస్తున్నారు.

“పదిహేడా? ఒరే తమ్ముడూ, నువ్వేనా? బతికే ఉన్నావా? ఇరవై రెండు మాట్లాడుతోంది. రెండు వారాలయింది లోతు నీళ్ళ మీదకి వేటకి వెళ్ళి, ఇప్పుడే ఒడ్డుకి వస్తున్నాం. ఇక్కడ ఏ కబురూ అందలేదు. ఆ రోజు నీ పిలుపు విన్నాన్రా. సన్నగా వచ్చింది కానీ ప్రతి ముక్కా విన్నాను. నా వల నీళ్ళలో ఉంది, కోసుకుని రాలేకపోయాను. ఒడ్డు పలుకుతుందిలే అనుకుని ఊరుకున్నాను. పలకలేదు కదరా, అంతసేపు పిలిచినా...”

మేస్త్రి బొటనవేలు బటన్ మీద పడింది. సెట్టులో గొంతు ఆగిపోయింది. బటన్ నొక్కి ఉన్నంతసేపు ఆ సెట్టు వినదు. మూల ఎర్ర అక్షరాలు వెలిగాయి. ఆయన మైకులో ఏమీ మాట్లాడలేదు. నొక్కి పట్టుకుని నిలబడ్డాడు.

“వేలు తియ్యండి, మేస్త్రిగారూ” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మేస్త్రి తియ్యలేదు. కూతురు మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసింది. తియ్యొద్దని తల అడ్డంగా ఊపింది, ఇంచుమించు కనపడనంత.

వియ్యపురాలు తన భుజం మీది కోడలి చెయ్యి తీసి పక్కన పెట్టింది. లేచి వచ్చి, మేస్త్రి బొటనవేలు తన పిడికిట్లో పట్టుకుని వెనక్కి విరిచింది. ఎముక చప్పుడైంది. ఎర్ర అక్షరాలు ఆరాయి.

“...ఏంట్రా, నొక్కి మాట్లాడవేం?” అంటోంది సెట్టు. “మీ ఇద్దరి గొడవా నేనూ విన్నాలే. చివర్లో ఆమెని పేరు పెట్టి పిలిచావు చూడు, తప్పయిపోయింది, సెట్టు పెట్టుకోవే అని. అప్పుడు నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది అడుగుదామనే ఇన్ని రోజులూ ఆగాను. ఇంతకీ పలికిందా మీ ఆవిడ?”